గర్భిణికి ఏ మాత్ర అవసరమో పెట్టె ముందువైపు చెప్పదు

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా వాటి మీదే నిలుస్తుంది. మీరు విజయవాడ పటమటలో ఉంటారు. ఇది మొదటి కాన్పు, పదకొండో వారం నడుస్తోంది. పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. థైరాయిడ్ కొద్దిగా తేడాగా ఉందని 25 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. డాక్టరమ్మ గారు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్, ఒక మల్టీవిటమిన్ క్యాప్సూల్ రాసి, పదమూడో వారం నుంచి ఐరన్, కాల్షియం మొదలుపెడదామన్నారు. ఈలోగా స్నేహితురాలు అమెరికా నుంచి గర్భిణుల గమ్మీలు తెచ్చి ఇచ్చారు, అత్తగారు ప్రోటీన్ పొడి డబ్బా కొని తెచ్చారు. వీటిలో ఏ కంపెనీది మంచిదో, ఖరీదైనది వాడితే బిడ్డకు మరింత మేలు జరుగుతుందో చెప్పమని అడిగారు.

నేను గుంటూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం గర్భిణుల ఓపీ పక్కన మందులిచ్చే కిటికీ వెనుకే గడిచింది. కంపెనీ పేరు అడిగేవారికి నేను ఎప్పుడూ ఒకే మాట చెప్పేదాన్ని: పేరు ముందువైపు ఉంటుంది, మందు వెనుకవైపు ఉంటుంది, కాబట్టి షీటు తిప్పి చదవాలి. మీ హిమోగ్లోబిన్ ఎంత, మీ కంచంలో ఏమి లేదు, మీరు ఇప్పటికే మింగుతున్నవాటిలో ఏముంది అనే మూడు విషయాలు తేలిన తరువాత మాత్రమే ఏ మాత్ర కొనాలో తేలుతుంది. ఆ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని మీ మందులను పరిశీలిద్దాం.

ముందుగా ఉన్నవన్నీ బల్ల మీద పెట్టి, ప్రతి దాని వెనుక ఫోలిక్ ఆసిడ్ ఎంత ఉందో ఒక కాగితం మీద రాయండి. మీ మాత్రలో 5 మిల్లీగ్రాములు ఉంది. మల్టీవిటమిన్ క్యాప్సూల్‌లో 1 మిల్లీగ్రాము, గమ్మీలలో 400 మైక్రోగ్రాములు, అంటే 0.4 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. మొత్తం 6.4 మిల్లీగ్రాములు అవుతుంది. ఎటువంటి ప్రత్యేక ప్రమాదమూ లేని గర్భిణికి తొలి నెలల్లో అవసరమయ్యేది రోజుకు 0.4 మిల్లీగ్రాములే కాబట్టి, మీరు దానికి పదహారు రెట్లు తీసుకుంటున్నట్లు లెక్క. పైగా పదమూడో వారంలో రాయబోయే ఐరన్ మాత్రలో కూడా ఫోలిక్ ఆసిడ్ కలిసే ఉంటుంది. మూడు పెట్టెలు మూడు వేర్వేరు పేర్లతో, మూడు ధరలతో వచ్చాయి కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఒకే మందు మూడు వేషాలతో ఒకే ఇంట్లోకి రావడమే నేను కిటికీ దగ్గర అన్నిటికంటే ఎక్కువగా చూసిన పొరపాటు.

అయిదు మిల్లీగ్రాముల మోతాదు తప్పని నేను అనడం లేదు. అంతకుముందు కాన్పులో బిడ్డకు వెన్నెముక లోపం ఉన్నవారికి, మధుమేహం ఉన్నవారికి, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవారికి ఎక్కువ మోతాదు రాస్తారు. ఆ ఎక్కువ మోతాదు వెన్నెముక లోపం మళ్లీ రాకుండా చాలావరకు ఆపుతుందని 1991లో వెలువడిన పెద్ద పరీక్ష ఫలితం నిరూపించింది. అయితే మన మందుల షాపుల్లో సులువుగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్రే కావడం వల్ల, ఆ అవసరం లేనివారికి కూడా అదే అలవాటుగా వెళ్లిపోతోంది. మీకు ఆ అవసరం ఉందో లేదో డాక్టరమ్మ గారిని ఒక్క ప్రశ్న అడిగితే తెలిసిపోతుంది. మీ విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం కావడానికి కారణం మీ శాకాహారం. విటమిన్ బి12 తక్కువగా ఉన్నవారిలో ఫోలిక్ ఆసిడ్ ఎక్కువైతే రక్తపరీక్షలో కనిపించవలసిన బి12 లోపం కప్పబడిపోతుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల సాగిపోతూనే ఉంటుంది. అందుచేత తరువాతి రక్తపరీక్షతో పాటు బి12 కూడా చూడమని అడగండి. పాలు, పెరుగు తీసుకునే శాకాహారికి కొంత బి12 అందుతుంది గాని, మజ్జిగ పలుచన చేసుకుని రోజుకు ఒక గ్లాసుతో సరిపెట్టేవారికి అది చాలదు. మీ మల్టీవిటమిన్‌లో నేను మొదట వెతికేది ఈ బి12నే. అది ఉంటే ఆ క్యాప్సూల్ మీకు పనికివచ్చేదే.

‘యాక్టివ్ ఫోలేట్’ అని, మిథైల్‌ఫోలేట్ అని పెద్ద ధర పెట్టి అమ్మేవి ఇప్పుడు గవర్నరుపేట షాపుల్లో కూడా కనిపిస్తున్నాయి. జన్యువుల తేడా ఉన్నవారికి మామూలు ఫోలిక్ ఆసిడ్ పనిచేయదని చెప్పి వాటిని అంటగడతారు. ఆ తేడా ఉన్నవారి శరీరం కూడా మామూలు ఫోలిక్ ఆసిడ్‌ను వాడుకోగలదు. వెన్నెముక లోపాలను నివారిస్తుందని పరీక్షల్లో రుజువైనది కూడా మామూలు ఫోలిక్ ఆసిడే. ఇంకొక సంగతి ఉంది. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. మీరు పదకొండో వారంలో ఉన్నారు, కనుక ఆ ముఖ్యమైన ఘట్టం ఎప్పుడో గడిచిపోయింది. ఇప్పుడు ఫోలిక్ ఆసిడ్ ప్రధానంగా మీ రక్తం కోసం, బిడ్డ ఎదుగుదల కోసం. ఇటువంటి సమయంలో ఖరీదైన రకానికి మారడం వల్ల మీకు కలిగే లాభమేమీ నాకు కనిపించదు. ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940లలో ఆయన బృందం చేసిన ఆ పని వల్లనే ఈ మాత్ర నేడు ఇంత చవకగా దొరుకుతోంది. ఈ ముక్క మా కిటికీ దగ్గర చెప్పినప్పుడల్లా ఆ చిన్న పసుపు మాత్రకు కొంచెం గౌరవం పెరిగేది.

ఇక అసలు విషయమైన ఐరన్ దగ్గరకు వద్దాం. గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 10 నుంచి 10.9 వరకు తేలికపాటిది, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే తక్కువైతే తీవ్రమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది, కనుక 10.2 వచ్చిందని మీరు కంగారు పడవలసిన పని లేదు. అట్లాగని తేలికగా తీసుకోవలసిన సంగతీ కాదు. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకునే నిల్వ ఇప్పటి నుంచే కూడబెట్టుకోవాలి.

ఐరన్ షీటు వెనుక రెండు అంకెలు ఉంటాయి, ఎక్కువ మంది పెద్ద అంకెనే చూస్తారు. ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్ వంటివి ఇనుముతో కలిసిన లవణాల పేర్లు. ఆ లవణం బరువు వేరు, అందులోని అసలు ఇనుము బరువు వేరు. అసలు ఇనుమును ‘ఎలిమెంటల్ ఐరన్’ అని రాస్తారు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడోవంతు ఇనుము ఉంటుంది, గ్లూకోనేట్‌లో దాదాపు ఎనిమిదోవంతే ఉంటుంది. కాబట్టి 300 మిల్లీగ్రాముల గ్లూకోనేట్ మాత్రలో ఉండే ఇనుము, 200 మిల్లీగ్రాముల ఫ్యూమరేట్ మాత్రలో ఉండే ఇనుములో సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. పెద్ద అంకె చూసి పెద్ద బలం అనుకోవడం పొట్టుతో కలిపి తూచిన బియ్యం కొనడం వంటిది. ఆస్కార్బేట్ షీట్ల మీద సాధారణంగా ‘100 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్‌కు సమానం’ అని స్పష్టంగా ఉంటుంది. మీరు చూడవలసిన వాక్యం అదే.

పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం గారు ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రను చులకనగా చూడకండి. 2018లో మొదలైన ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమం ప్రకారం అందులో 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. రక్తహీనత లేనివారు నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. మీలాగా 11 కంటే తక్కువ ఉన్నవారికి, అది సరిపడా పెరిగేవరకు, రోజుకు రెండు చొప్పున ఇస్తారు. బయట ఎంతో ధర పెట్టి కొనే మాత్రకూ దీనికీ ఉన్న తేడా ముఖ్యంగా కడుపుకు పట్టడంలోనే ఉంటుంది. ఎర్ర మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం భరించలేనంతగా ఉన్నవారు వేరే లవణానికి మారడం సబబే. ఏ ఇబ్బందీ లేనివారు పెట్టె అందంగా ఉందని మారనవసరం లేదు. ఏ ఐరన్ వేసుకున్నా మలం నల్లగా వస్తుంది, దానికి భయపడకూడదు.

ఈ మాత్ర మీద మన ప్రాంతంలో రెండు అపవాదులున్నాయి. ఐరన్ వేడి చేస్తుందని ఎండాకాలంలో మానేస్తారు, బిడ్డ నల్లగా పుడుతుందని పెద్దవాళ్లు మాన్పిస్తారు. ఈ రెండింటికీ ఆధారం లేదు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండకు ఎవరికైనా కడుపులో మంట, మలబద్ధకం పెరుగుతాయి. నీళ్లు చాలినన్ని తాగకపోవడం దానికి కారణమైతే, నింద మాత్ర మీద పడుతుంది. మరొక గుర్తు చెబుతాను. పచ్చి బియ్యం నమలాలనిపించడం, బలపాలు, మట్టి తినాలనిపించడం వేవిళ్ల కోరిక అని నవ్వి ఊరుకోకండి. ఇనుము లోపించినవారిలో ఈ కోరిక తరచుగా కనబడుతుంది, కనుక డాక్టరమ్మ గారికి సిగ్గుపడకుండా చెప్పండి.

గోంగూరలో ఇనుము ఉందిగా, మాత్ర ఎందుకని మీ అత్తగారు అన్నారని రాశారు. గోంగూర, తోటకూర, మునగాకు తప్పకుండా తినండి, కానీ ఆకుకూరల్లోని ఇనుములో చాలా కొద్ది భాగమే ఒంటికి పడుతుంది. దానికి నిమ్మ, ఉసిరి, జామ వంటి సి విటమిన్ ఉన్నవి తోడైతే ఎక్కువ పడుతుంది. కాఫీ, టీ తోడైతే ఉన్నదీ సరిగా పడదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి కూడా నా కడుపు పండినప్పుడు పాటించలేదు. ఆరో నెలలో పుట్టింట్లో ఉన్నప్పుడు మా అమ్మ ఉదయం ఫిల్టర్ కాఫీ గ్లాసుతో పాటే నా రక్తం మాత్రను కూడా సాసర్‌లో పెట్టి ఇచ్చేది. మాత్రను ఆ కాఫీతోనే మింగేదాన్ని. రెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పలేదు, హిమోగ్లోబిన్ మాత్రం 9.6 దగ్గర నుంచి కదలలేదు. కాఫీని తెల్లవారుజామునకు, మాత్రను ఉదయం పదిన్నరకు మార్చి నిమ్మరసంతో వేసుకున్న తరువాత నెల తిరిగేసరికి పది దాటింది. మందులు చదివిన మనిషినై ఉండి రెండు నెలలు అట్లా పోగొట్టుకున్నాను.

కాఫీ లాంటి మరో అడ్డంకి కాల్షియం మాత్ర. ఈ రెండూ ఒకేసారి వేసుకుంటే ఇనుము శోషణ తగ్గిపోతుంది. మీ విషయంలో మూడో చిక్కు కూడా ఉంది, అదే థైరాయిడ్ మాత్ర. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మందును కడుపులోనే పట్టి ఆపేస్తాయి కాబట్టి, వాటికీ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అందుచేత మీకు ఏ కంపెనీ కొనాలన్న దానికంటే ఏ వేళకు వేసుకోవాలన్నది చాలా పెద్ద ప్రశ్న. పదమూడో వారం దాటాక మీ రోజు ఇట్లా ఉండవచ్చు. ఉదయం ఆరింటికి పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, గంట తరువాత కాఫీ తాగి, ఎనిమిదిన్నరకు టిఫిన్ చేయండి. పదిన్నరకు నిమ్మరసంతో ఐరన్ వేసుకోండి. ఒంటిగంటకు భోజనంతో పాటు మొదటి కాల్షియం, రాత్రి ఎనిమిదింటికి భోజనంతో పాటు రెండో కాల్షియం వేసుకుంటే, ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు. పదిన్నరకు ఐరన్ వేసుకుంటే వికారం ఎక్కువగా ఉందనిపిస్తే, దానిని రాత్రి పదిన్నరకు, నిద్రపోయే ముందుకు మార్చుకోవచ్చు. రెండు ఐరన్ మాత్రలు రాసినట్లయితే రెండు వేళలనూ వాడుకోవచ్చు. కడుపులో మంటకు పాంటోప్రజోల్ వంటివి, యాంటాసిడ్ జెల్ సీసాలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, ఎందుకంటే అవి కూడా ఇనుము పట్టడాన్ని తగ్గిస్తాయి.

ఐరన్ మొదలుపెట్టిన నెల తరువాత మళ్లీ హిమోగ్లోబిన్ చూపించుకోవడం మరవకండి. నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. వేళ తప్పకుండా వేసుకున్నా పెరగకపోతే బ్రాండు మార్చి చూద్దామని షాపుకు వెళ్లడం సరైన పని కాదు, అసలు కారణం వెతకాలి. ఫెరిటిన్ చూస్తే ఇనుము నిల్వ తెలుస్తుంది. ఎర్ర రక్తకణాల పరిమాణం మరీ చిన్నగా ఉండి కణాల సంఖ్య మాత్రం ఎక్కువగా ఉంటే తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకులేమోనని పరీక్ష చేస్తారు. వాహకులైతే భర్తకు కూడా పరీక్ష చేయాలి, ఆ పరీక్ష ఎంత తొందరగా జరిగితే అంత మంచిది. నాలుగో నెల నుంచి నులిపురుగులకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు, అది మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. సెలైన్ ద్వారా ఇచ్చే ఐరన్ కూడా మొదటి మూడు నెలల్లో ఇవ్వరు.

కాల్షియం షీటులోనూ రెండు అంకెల చిక్కే ఉంది. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం నూటికి నలభై వంతులు. ‘కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు’ అని ఉంటే అందులో 500 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్లు. ‘కాల్షియం కార్బొనేట్ 500 మిల్లీగ్రాములు’ అని ఉంటే కేవలం 200 మిల్లీగ్రాములే. రెండు పెట్టెల మీదా 500 అన్న అంకె పెద్ద అక్షరాల్లో కనిపించవచ్చు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం పద్నాలుగో వారం నుంచి కాన్పు అయిన ఆరు నెలల వరకు, 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3 ఉన్న మాత్రను రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. కాల్షియం తక్కువ తినే స్త్రీలలో ఇది గర్భిణి వాతం, అంటే రక్తపోటు పెరిగి ఫిట్స్ వరకు వెళ్లే స్థితి వచ్చే ప్రమాదాన్ని తగ్గిస్తుంది. రెండు కాల్షియం మాత్రలూ ఒకేసారి మింగితే రెట్టింపు పట్టదు. కార్బొనేట్ రకాన్ని పరగడుపున వేసుకోకుండా భోజనంతోనే వేసుకోవాలి. మీరు రోజుకు అర లీటరు పాలు, పెరుగు తీసుకుంటే దాదాపు 600 మిల్లీగ్రాములు కంచం నుంచే వస్తుంది. రాగి జావ, నువ్వుండలు దానికి మంచి తోడు.

విటమిన్ డి గురించి ఒక్క హెచ్చరిక చేస్తాను. 60,000 యూనిట్ల పొడి పొట్లాలను, క్యాప్సూళ్లను పక్కింటివారి సలహా మీద కొనకండి. వారానికి ఒకటి అని రాసిన దానిని రోజుకొకటిగా మింగినవారిని నేను చూశాను.

ఇప్పుడు గమ్మీల సంగతి. ఆ సీసాను తిప్పి ఐరన్ అన్న మాట కోసం వెతకండి. గర్భిణుల గమ్మీలలో చాలావాటిలో ఐరన్ ఉండదు. ఇనుము రుచి చక్కెరతో దాగదు, మిఠాయిలా కనిపించే దానిలో ఇనుము పెడితే పిల్లలకు ప్రమాదం కూడా. కాల్షియం ఉన్నా నామమాత్రంగానే ఉంటుంది. మీకు ముఖ్యంగా కావలసిన రెండూ అందులో లేనప్పుడు అది మీకు తీపి మల్టీవిటమిన్ మాత్రమే అవుతుంది, ఆ పని చేసే క్యాప్సూల్ మీ దగ్గర ముందే ఉంది. రెండూ కలిపి వాడవద్దనడానికి మరో కారణం విటమిన్ ఏ. ‘రెటినాల్’, ‘రెటినైల్ పామిటేట్’ అన్న రూపంలో ఉండే విటమిన్ ఏ గర్భిణికి రోజుకు 10,000 యూనిట్లు, అంటే 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు. అది మితిమీరితే బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ‘బీటా కెరోటిన్’ అని ఉంటే ఆ భయం లేదు. కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూళ్లు గర్భిణులు వాడకూడదన్నది కూడా ఈ కారణంగానే. స్నేహితురాలు నొచ్చుకుంటారనుకుంటే, గమ్మీలు కాన్పు తరువాత తింటానని చెప్పి దాచండి. ఎండాకాలంలో అవి ముద్దై అడుగున అంటుకుపోతాయన్నది వేరే మాట.

ప్రోటీన్ పొడి విషయంలో మీ అత్తగారి ప్రేమను తప్పుపట్టను, డబ్బా మీద కడుపు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మను మాత్రం నమ్మను. వెనుక చిన్న అక్షరాల పట్టికలో 100 గ్రాములకు 30 గ్రాముల ప్రోటీన్ అని ఉందనుకోండి. రోజుకు కలుపుకునేది 20 గ్రాముల పొడి అయితే అందేది 6 గ్రాములు. అంత ప్రోటీన్ ఒక పెద్ద గ్లాసు పాలల్లో, లేదా ఒక గిన్నెడు చిక్కటి కందిపప్పులో ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మామూలు అవసరం మీద అదనంగా కావలసినది నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు. శాకాహారి అయినా పప్పు, పెసరట్టు, శనగలు, పెరుగు, వేరుశనగ చిక్కీ సరిగ్గా పడితే అది కంచంలోనే వస్తుంది. అదే పట్టికలో చక్కెర ఎంత ఉందో కూడా చూడండి. కొన్ని పొడుల్లో ప్రోటీన్ కంటే చక్కెరే ఎక్కువ, మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేరుతో ఉండేది కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. గర్భధారణలో వచ్చే మధుమేహానికి పరీక్ష చేయకముందే రోజుకు రెండు గ్లాసులు ఇది తాగడం నాకు నచ్చదు. అధిక ప్రోటీన్ పొడులను గర్భిణులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయలేదు. తిండి సహించక బరువు తగ్గిపోతున్నవారికి డాక్టరు రాసి ఇస్తే అది వేరు. మీ వాంతులు తగ్గి అన్నం సహిస్తోందని రాశారు కనుక, డబ్బా తెరవకపోతే షాపువారు వెనక్కి తీసుకుంటారేమో అడిగి చూడండి.

చేపల్లో ఉండే ఒమేగా-3 రకం కొవ్వు డీహెచ్ఏ గురించి కూడా అడిగారు. చేప తినేవారికి వారానికి రెండుసార్లు కానాగంతలు వంటివి వండుకుంటే దాని అవసరం చాలావరకు తీరుతుంది. శాకాహారులు తీసుకోదలిస్తే నాచు నుంచి తీసిన రకం అడగాలి. రోజుకు 200 మిల్లీగ్రాములు చాలు. అది ఐరన్, కాల్షియంల తరువాతి మెట్టు, డబ్బుకు ఇబ్బందైతే మొదట వదులుకోవలసినది కూడా. అయోడిన్ కోసం విడిగా మాత్ర కొనకండి, ఇంట్లో వాడేది అయోడైజ్డ్ ఉప్పేనా, కళ్లుప్పా అన్నది చూసుకోండి. థైరాయిడ్ ఉన్న మీరు ఈ విషయంలో సొంతంగా ఏ మార్పూ చేయకూడదు. కుంకుమపువ్వు చిటికెడు పాలలో వేసుకుంటే హాని లేదు, దానితో బిడ్డ రంగు మారదు. మూలికలు కలిపిన బలవర్ధక పొడులను, అశ్వగంధ ఉన్న లేహ్యాలను గర్భంతో ఉండగా వాడకండి.

కొనేటప్పుడు చూడవలసినది ఇంకొకటి ఉంది. కొన్ని పెట్టెల మీద ఔషధ తయారీ లైసెన్సు ఉంటుంది. కొన్నిటి మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల సంఖ్యతో పాటు, ఇది మందుగా వాడేది కాదన్న హెచ్చరిక ఉంటుంది. రెండో రకం ఆహార పదార్థం కింద అమ్ముడవుతుంది. మీ 10.2ను సరిచేయడానికి వాడేది ఔషధం కిందికి వచ్చేదై ఉండాలి. రాసిన మందు లేదు, ఇదీ అదే అని షాపులో మరొకటి చేతిలో పెడితే, ఎలిమెంటల్ ఐరన్ అంకె, ఫోలిక్ ఆసిడ్ అంకె రెండూ చీటీలోని మందుతో సరిపోతున్నాయో లేదో అక్కడే నిలబడి పోల్చి చూసుకోండి. జనౌషధి దుకాణంలో కొన్నా ఇదే పద్ధతి.

ఏడో నెల తరువాత మీరు పుట్టింటికి గుంటూరు వెళతారని రాశారు, అందుకే ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను. విజయవాడ డాక్టరు రాసిన మాత్రలు సంచిలో ఉండగానే, కొత్తపేటలో చూపించుకున్న డాక్టరు అవే మందులను తమ దగ్గర దొరికే వేరే పేర్లతో రాస్తారు. ఇంట్లో వాళ్లు పాతవి వృథా చేయడం ఎందుకని రెండూ వేయిస్తారు. నెలన్నర పాటు రెండు ఐరన్లు, మూడు కాల్షియంలు మింగి, కడుపుబ్బరంతో మా కిటికీ దగ్గరకు వచ్చిన అమ్మాయి సంచి విప్పి చూసేవరకు అక్కడ ఎవరికీ తెలియలేదు. కొత్త డాక్టరు దగ్గరకు చీటీ ఒక్కటే పట్టుకుపోకండి. వాడుతున్న ప్రతి షీటునూ, అయిపోయిన ఖాళీ షీట్లను కూడా, ఒక కవరులో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి.

మీ ఇంట్లో బావగారి మూడేళ్ల పాప ఉందని రాశారు. ఎర్ర ఐరన్ మాత్ర మీద తీపి పూత ఉంటుంది, చూడడానికి జెమ్స్ బిళ్లలాగే ఉంటుంది. చిన్న పిల్లలు కొద్ది మాత్రలు మింగినా ప్రాణం మీదకు వస్తుంది. వాటిని దిండు కింద, ఫ్రిజ్ మీద, టీవీ పక్కన పెట్టకుండా, పాపకు అందని బీరువా పై అరలో తాళం వేసి పెట్టండి. పాప ఎప్పుడైనా మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో చేయకుండా, ఆ షీటు చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.